ఆకాశాన్ని చూసినవారు, తప్పు ఒప్పుకున్నవారు



ఈ సంగతి రాయాలని చాలా రోజులుగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాం. కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం ఆదికాండం మొదటి అధ్యాయం మీద వాక్యం చెబుతూ, వేరే నక్షత్రాల చుట్టూ గ్రహాలు ఉన్నాయనేవన్నీ సినిమా కథలేనని, ఎవరూ కనిపెట్టింది లేదని పుల్పిట్ మీద నుంచి గట్టిగా అన్నాం. మీలో కొందరు ఆమెన్ కూడా చెప్పారు. ఆరాధన అయ్యాక పదో తరగతి చదివే ఒక అబ్బాయి మా దగ్గరికొచ్చి, "అయ్యగారూ, వేలకొద్దీ గ్రహాలు కనిపెట్టారంటండీ, మా సైన్సు సార్ చెప్పారు" అన్నాడు. కాసేపు ఆగి, "అక్కడ ఎవరైనా ఉంటే యేసయ్య వాళ్ల కోసం కూడా చనిపోయారా అండీ?" అని అడిగాడు.

మేము వాడికి జవాబు చెప్పలేదు. ఇలాంటి ప్రశ్నలు సాతాను పెడతాడు, ముందు వాక్యం చదువుకో అని కసిరి పంపించాం. వాడు తల వంచుకుని వెళ్లిపోయాడు. తర్వాత కొన్ని వారాలు వచ్చాడు, ఆ తర్వాత మానేశాడు. ఇప్పుడు పట్నంలో చదువుకుంటున్నాడు. వాళ్లమ్మ ప్రతి ఆదివారం వస్తుంది. మమ్మల్ని ఏమీ అనదు.

ఆ అబ్బాయి అడిగింది రెండు ప్రశ్నలు. వాటి వెనకున్న చరిత్రను మేము ఆలస్యంగా చదివాం. చదివాక సిగ్గేసింది. ఎందుకో మీరే చూడండి.

మద్రాసులో మొదలైన మాట

ముందు ఒక సంగతి అర్థం చేసుకుందాం. గ్రహానికి సొంత వెలుగు లేదు. క్రిస్మస్ రాత్రి గుడి ముందు పెట్టే పెద్ద ఫోకస్ లైటును నాలుగు ఊళ్ల అవతల నుంచి చూస్తూ, దాని పక్కన ఎగిరే దోమను పట్టుకోవాలంటే ఎలా ఉంటుంది? దూరపు నక్షత్రం పక్కన గ్రహాన్ని వెతకడం అంతకన్నా కష్టం. సూర్యుడి వెలుగు మన దగ్గరికి రావడానికి 8 నిమిషాలు పడుతుంది. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా నుంచి వెలుగు రావడానికి 4 సంవత్సరాలకు పైగా పడుతుంది.

అందుకే శాస్త్రవేత్తలు గ్రహాన్ని వదిలిపెట్టి నక్షత్రాన్నే గమనించారు. పిల్లవాడి రెండు చేతులు పట్టుకుని గిరగిరా తిప్పే తండ్రిని చూశారు కదా. పిల్లవాడు పెద్ద చుట్టు తిరుగుతాడు, తండ్రి కూడా ఉన్నచోటే కాస్త అటూ ఇటూ ఊగుతాడు. చీకట్లో పిల్లవాడు కనబడకపోయినా తండ్రి ఊగడాన్ని బట్టి చేతిలో ఎవరో ఉన్నారని చెప్పవచ్చు. గ్రహం ఉన్న నక్షత్రం కూడా అలాగే ఊగుతుంది.

ఈ పద్ధతిలో వేరే నక్షత్రం దగ్గర గ్రహం ఉందని చెప్పిన తొలి మాటల్లో ఒకటి మన పక్కనుంచే వెళ్లింది. 1855లో మద్రాసు నక్షత్రశాలకు అధిపతిగా ఉన్న విలియం స్టీఫెన్ జేకబ్, 70 ఒఫియూకి అనే జంట నక్షత్రాల కదలికలో తేడా కనబడుతోందని, అక్కడ గ్రహం లాంటిది ఉండే అవకాశం చాలా ఉందని రాసి ఇంగ్లండుకు పంపాడు. అప్పటికి మన కోస్తా జిల్లాలు, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. నుంగంబాక్కంలో 1792లో కట్టిన ఆ నక్షత్రశాల ఇప్పుడు లేదు గానీ, పరికరాన్ని నిలబెట్టిన గ్రానైటు స్తంభం చెన్నైలో వాతావరణ శాఖ ఆవరణలో నేటికీ ఉంది. దాని మీద చెక్కిన మాటలు తమిళంతో పాటు మన తెలుగులోనూ ఉన్నాయి.

జేకబ్ అబద్ధం చెప్పలేదు. ఉందేమో అనే చెప్పాడు. కానీ నలభై ఏళ్ల తర్వాత అమెరికాలో టి.జె.జె. సీ అనే ఖగోళ శాస్త్రవేత్త అదే నక్షత్రాల దగ్గర 36 ఏళ్లకు ఒకసారి తిరిగే చీకటి గోళం ఉందని గట్టిగా ప్రకటించాడు. 1899లో ఫారెస్ట్ మౌల్టన్ అనే యువకుడు లెక్కగట్టి, అలాంటి గోళం ఆ రెండు నక్షత్రాల మధ్య నిలవనే నిలవదని చూపించాడు. సీ దానికి కోపంతో జవాబు రాశాడు. లెక్క మాత్రం మారలేదు.

"ఉందేమో" అన్నవాడు పొరబడినా అతని మర్యాదకు లోటు రాలేదు. "ఉంది" అని పంతం పట్టినవాడికే దెబ్బ తగిలింది. ఇక్కడే మాకు మా పుల్పిట్ గుర్తొచ్చింది.

జీవితమంతా చూసిన మనిషి

పీటర్ వాన్ డి క్యాంప్ హాలెండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఖగోళ శాస్త్రవేత్త. పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కళాశాలకు చెందిన స్ప్రౌల్ నక్షత్రశాలలో ఆయన 1938 నుంచి బార్నార్డ్ నక్షత్రాన్ని ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. అది మనకు 6 కాంతి సంవత్సరాల దూరంలోని ఎర్రని చిన్న నక్షత్రం. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, పాతికేళ్ల పాటు గాజు పలకల మీద వేలాది ఫొటోలు తీశారు. ఆ పలకల మీద చుక్క స్థానం వెంట్రుకలో ఎన్నో వంతు కదిలిందా అని కొలిచారు.

1963లో ఆయన ప్రకటించాడు. ఆ నక్షత్రం ఊగుతోంది, దాని చుట్టూ గురుగ్రహం కన్నా పెద్ద గ్రహం 24 ఏళ్లకు ఒకసారి తిరుగుతోంది అన్నాడు. లోకం నమ్మింది. పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది.

1973లో జార్జ్ గేట్‌వుడ్, హైన్రిక్ ఐకార్న్ అనే ఇద్దరు వేరే నక్షత్రశాలల్లో తీసిన ఫొటోలను కొలిచారు. ఊగడం కనబడలేదు. అదే సమయంలో స్ప్రౌల్‌లోనే పనిచేసే జాన్ హెర్షీ ఇంకొకటి గమనించాడు. అదే టెలిస్కోపుతో తీసిన ఫొటోల్లో వేరే నక్షత్రం కూడా అవే సంవత్సరాల్లో అటూ ఇటూ జరిగినట్టు కనబడుతోంది. ఎప్పుడెప్పుడు? టెలిస్కోపు కటకాన్ని బిగించే భాగాన్ని మార్చినప్పుడు, సరిచేసినప్పుడు. అంటే నక్షత్రం ఊగలేదు. చూసే అద్దమే జరిగింది.

వాన్ డి క్యాంప్ ఆ మాట చివరివరకూ ఒప్పుకోలేదు. ఆయన మోసగాడు కాదు. ఎంతో కష్టపడ్డాడు, ఎంతోమంది విద్యార్థులను తయారుచేశాడు. కానీ పాతికేళ్ల శ్రమ మీద పెంచుకున్న ప్రేమ ఆయనకు అడ్డొచ్చింది. 1995 మే నెలలో కన్నుమూశాడు. ఇంకో అయిదు నెలలకు, సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తిరిగే మొదటి గ్రహం వార్త లోకమంతా పాకింది.

ఇంకొక సంగతి కూడా ఉంది. 2024లో చిలీ దేశంలోని పెద్ద టెలిస్కోపుతో చూసి, బార్నార్డ్ నక్షత్రం దగ్గర నిజంగానే ఒక గ్రహం ఉందని చెప్పారు. 2025లో మొత్తం నాలుగున్నాయని నిర్ధారించారు. అయితే అవి ఆయన చెప్పిన గ్రహాలు కావు. అన్నీ భూమికన్నా చిన్నవి, ఒక్కొక్కటి వారం లోపే చుట్టు తిరిగేస్తుంది. ఆయన దగ్గరున్న పరికరాలతో వాటిని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అక్కడ గ్రహాలున్నాయన్న ఆయన కోరిక నిజమే అయింది, చూశానన్నది మాత్రం నిజం కాలేదు. చివరికి చెప్పిన ఫలితం నిజమే అయినా, చూడనిదాన్ని చూశాననడం సాక్ష్యం కాదని విశ్వాసులమైన మనం గుర్తుంచుకోవాలి.

అందరి ముందు నిలబడి చెప్పిన మాట

ఇక ఈ చరిత్ర మొత్తంలో మమ్మల్ని కదిలించిన రోజు గురించి చెబుతాం.

1991 జూలైలో ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్ నక్షత్రశాలకు చెందిన ఆండ్రూ లైన్, ఆయన తోటివారు ఒక పల్సర్ చుట్టూ గ్రహం తిరుగుతోందని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. పల్సర్ అంటే చనిపోయిన పెద్ద నక్షత్రంలో మిగిలిన చిన్న ముద్ద. అది గిర్రున తిరుగుతూ గడియారంలా క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపుతుంది. ఆ సంకేతాలు ఆరు నెలల చొప్పున కాస్త ముందూ వెనకా అవుతున్నాయి, కాబట్టి ఆరు నెలలకు ఒక చుట్టు తిరిగే గ్రహం ఉందన్నారు. వార్త ప్రపంచమంతా వెళ్లింది. 1992 జనవరిలో అట్లాంటా నగరంలో జరిగే అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుల సభలో దీని గురించి ప్రసంగించమని లైన్‌ను పిలిచారు.

సభకు కొద్దిరోజుల ముందు ఆయన లెక్కలు మళ్లీ చూసుకున్నాడు. మన భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి సరైన గుండ్రం కాదు, కొద్దిగా సాగి ఉంటుంది. ఆ పల్సర్ స్థానం కూడా మొదట కొంచెం తప్పుగా తీసుకున్నారు. ఈ రెండూ సరిదిద్దేసరికి ఆ గ్రహం మాయమైపోయింది. ఆరు నెలల ఆ ఊగుడు మన భూమిదే. చూసినవాళ్ల కదలికనే అవతలి లోకపు కదలిక అనుకున్నారు.

ఆయన ఏం చేయాలి? సభకు రాలేనని కబురు పెట్టవచ్చు. నెమ్మదిగా ఎక్కడో ఒక మూల నాలుగు వాక్యాల సవరణ వేసుకోవచ్చు. తప్పును శిష్యుల మీదికి నెట్టవచ్చు. ఆయన అవేవీ చేయలేదు. అట్లాంటా వెళ్లి, వందలమంది శాస్త్రవేత్తల ముందు నిలబడి, మేము పొరబడ్డాం, ఆ గ్రహం లేదు, పొరపాటు ఇలా జరిగింది అని వివరంగా చెప్పాడు. ఆయన ముగించగానే సభ అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఇంకా వినండి. ఆయన తర్వాత మాట్లాడాల్సింది అలెగ్జాండర్ వోల్స్‌చాన్ అనే పోలండు దేశస్థుడు. ఆయన కూడా పల్సర్ చుట్టూ గ్రహాలు కనిపెట్టానని చెప్పడానికే వచ్చాడు! పోర్టోరికోలోని అరెసిబో అనే పెద్ద రేడియో టెలిస్కోపుతో, రెండు వేల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్న పల్సర్‌ను గమనించి, డేల్ ఫ్రెయిల్ అనే సహచరుడితో కలిసి ఆ లెక్క తేల్చాడు. ఒక గ్రహం దాదాపు 67 రోజులకు, ఇంకొకటి 98 రోజులకు ఒకసారి తిరుగుతున్నాయి. లైన్ బృందం చేసిన పొరపాటు తమ లెక్కలో లేదని వాళ్లు ముందే సరిచూసుకున్నారు. ఆ రెండూ నిలబడ్డాయి. మన సౌరకుటుంబం అవతల గట్టిగా రుజువైన మొదటి గ్రహాలు అవే.

ఒకే సభలో, ఒకరి వెంట ఒకరు, ఒకాయన లేనిది లేదని చెప్పాడు, ఇంకొకాయన ఉన్నది ఉందని చెప్పాడు. మొదటాయన అలా చెప్పాడు కాబట్టే రెండో ఆయన మాటను జనం ధైర్యంగా నమ్మగలిగారని మాకనిపిస్తుంది. తప్పు ఒప్పుకునే అలవాటున్న చోట మాటకు విలువ ఉంటుంది.

ఒప్పుకోలు గురించి మేము ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు. పాపం దాచిపెట్టేవాడు వర్ధిల్లడని సామెతల గ్రంథం ఆధారంగా చెప్పాం. కానీ పుల్పిట్ మీద చెప్పిన తప్పును పుల్పిట్ మీదే సరిదిద్దుకోవడం మాత్రం మాకు ఇంతవరకూ చేతకాలేదు.

చేతిలో ఉండి చూడనివారు

పల్సర్ చచ్చిన నక్షత్రం. మన సూర్యుడి లాంటి బతికున్న నక్షత్రం చుట్టూ గ్రహం ఉందా? దానికి జవాబు 1995లో వచ్చింది.

రైలు ఎదురొస్తుంటే కూత సన్నగా, దాటిపోతుంటే లావుగా వినబడుతుంది కదా. వెలుగులో కూడా అలాంటి తేడా వస్తుంది. నక్షత్రం మనవైపు జరిగితే దాని వెలుగు కాస్త నీలం వైపు, దూరం జరిగితే ఎరుపు వైపు మళ్లుతుంది. స్విట్జర్లాండుకు చెందిన మిషెల్ మేయర్, ఆయన శిష్యుడు డిడియే కెలో, ఫ్రాన్సులోని ఓట్ ప్రొవాన్స్ నక్షత్రశాలలో ఈ తేడాను కొలిచే పరికరంతో 51 పెగాసి అనే నక్షత్రాన్ని గమనించారు. అది 50 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అది 4 రోజులకు ఒకసారి ఊగుతున్నట్టు కనబడింది. కెలోకు భయమేసింది. పరికరమే పాడైందేమో అనుకున్నాడు. ఎందుకంటే గురుగ్రహమంత పెద్ద గ్రహాలు నక్షత్రానికి ఎంతో దూరంగా ఉండి, ఏళ్ల తరబడి తిరగాలని అందరూ నమ్మేవారు. మన గురుగ్రహానికి ఒక చుట్టుకు 12 ఏళ్లు పడుతుంది మరి.

గురుశిష్యులు తొందరపడలేదు. ఆ నక్షత్రం కొన్ని నెలలు కనబడకుండా పోయి మళ్లీ వచ్చేదాకా ఆగారు. 1995 జూలైలో మళ్లీ కొలిచారు. ముందు వేసిన లెక్క ప్రకారమే నక్షత్రం కదిలింది. అప్పుడు గానీ అక్టోబరు 6న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ప్రకటించలేదు. 2019లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

అమెరికాలో జెఫ్ మార్సీ, పాల్ బట్లర్ అనే ఇద్దరు 1987 నుంచే ఇదే పనిలో ఉన్నారు. ఏళ్ల తరబడి కొలతలు పోగుచేశారు. కానీ గ్రహం తిరగడానికి ఏళ్లు పడుతుందన్న నమ్మకంతో, వాటిని ఇంకా పూర్తిగా లెక్కగట్టలేదు. ఫ్లోరెన్స్ వార్త విన్నాక కొద్దిరోజుల్లోనే వాళ్లు కూడా చూసి నిజమేనని చెప్పారు. తర్వాత తమ పాత కొలతలు తీసి చూస్తే, అందులోనే వేరే గ్రహాలు దొరికాయి. అన్నాళ్లూ అవి వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. బైబిలు చేతిలో పెట్టుకుని అందులో మనం ముందే అనుకున్నదాన్నే వెతికితే మన సంగతీ అంతే.

ఆ తర్వాత వరద వచ్చినట్టే అయింది. దీపం ముందు పురుగు వాలితే వెలుగు కాస్త తగ్గినట్టు, గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగు తగ్గడాన్ని కొలిచే పద్ధతి వచ్చింది. గురుగ్రహమంతది అడ్డొస్తే వందలో ఒక వంతు తగ్గుతుంది, మన భూమంతది అడ్డొస్తే పది వేలలో ఒక వంతు కూడా తగ్గదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2009లో పంపిన కెప్లర్ టెలిస్కోపు లక్షా యాభై వేల నక్షత్రాలను ఈ విధంగా కనిపెట్టి చూసింది. అది ఒక్కటే 2,600కు పైగా గ్రహాలను పట్టిచ్చింది. 2016లో మన పక్కింటి నక్షత్రమైన ప్రాక్సిమా దగ్గర ఒక గ్రహం దొరికింది. 2017లో 40 కాంతి సంవత్సరాల దూరంలోని ట్రాపిస్ట్-1 అనే చిన్న నక్షత్రం చుట్టూ భూమంత సైజువి ఏడున్నాయని తేలింది. 2019లో ఒక నక్షత్రానికి, దాని గ్రహానికి పేర్లు పెట్టే అవకాశం మన దేశానికి వచ్చింది. నక్షత్రానికి బిభా అని, గ్రహానికి సంతమస అని పెట్టారు. 2025 సెప్టెంబరు నాటికి నాసా లెక్కలో రుజువైన గ్రహాలు 6,000 దాటాయి.

కాబట్టి ఆ అబ్బాయి మొదటి మాట నిజం. వాళ్ల సైన్సు సార్ సరిగానే చెప్పారు. తప్పు చెప్పింది మేమే.

అక్కడ ఎవరైనా ఉన్నారా?

గ్రహాలున్నాయి సరే, ప్రాణం ఉందా? ఈ రోజు వరకూ భూమి తప్ప మరెక్కడా ప్రాణం ఉన్నట్టు రుజువు కాలేదు.

2025 ఏప్రిల్‌లో మీ అందరి ఫోన్లకూ ఒక వార్త వచ్చింది. మనకు 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కె2-18బి అనే గ్రహం మీద ప్రాణం జాడ దొరికిందన్నారు. మన సంఘం గ్రూపులోకే ఆ రోజు రెండు రకాల మెసేజీలు వచ్చాయి. బైబిలు తప్పని తేలిపోయిందని ఒకటి, ఇది అంత్యదినాల మోసం అని ఇంకొకటి. రెండూ తొందరపాటువే.

అసలు జరిగింది ఇది. భారతదేశంలో పుట్టి కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న నిక్కు మధుసూదన్ బృందం, జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో ఆ గ్రహపు గాలిని పరిశీలించింది. భూమి మీద ఎక్కువగా సముద్రపు సూక్ష్మజీవుల వల్ల పుట్టే ఒక వాయువు గుర్తులు అందులో కనబడుతున్నాయని చెప్పింది. అది కాకతాళీయంగా కనబడే అవకాశం వెయ్యిలో మూడు పాళ్లు అన్నారు. మనకది చాలా తక్కువగా అనిపిస్తుంది. కానీ కనిపెట్టాం అని చెప్పాలంటే ఆ అవకాశం పది లక్షల్లో ఒక పాలు కన్నా తక్కువ ఉండాలని శాస్త్రవేత్తలు పెట్టుకున్న నియమం. ఇంకా పరిశీలన కావాలని ఆ బృందమే చెప్పింది. వేరేవాళ్లు అవే కొలతలు మళ్లీ లెక్కగట్టి, ఈ ఆధారం చాలదన్నారు. పైగా ఆ వాయువు ప్రాణం లేని తోకచుక్క మీద కూడా కనబడింది. అక్కడితో ఆగి ఇంకా చూస్తున్నారు. ఆగడానికి వాళ్లు సిగ్గుపడలేదు. ఆగలేకపోయింది మనమే.

మన పెద్దలు ఏమన్నారు

ఆ అబ్బాయి రెండో ప్రశ్న సాతాను పెట్టింది కాదు. అది మన సంఘ చరిత్రంత పాతది.

1277లో పారిస్ బిషప్పు ఎతియెన్ తాంపియే 219 బోధలను ఖండిస్తూ ఒక జాబితా ప్రకటించాడు. లోకం ఒక్కటే ఉండగలదని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన మాటను ఆ రోజుల్లో విశ్వవిద్యాలయాల్లో వల్లెవేసేవారు. దేవుడు అనేక లోకాలను చేయలేడు అనే బోధ ఆ జాబితాలో ఉంది. అంటే అనేక లోకాలున్నాయని బిషప్పు చెప్పలేదు, చేయలేడు అని దేవునికి హద్దు గీయవద్దన్నాడు. ఏడు వందల ఏళ్ల క్రితం ఆయన ఖండించిన హద్దునే మేము మన పుల్పిట్ మీద నుంచి గీశాం.

సిగ్గుపడాల్సిన పేజీ కూడా మన చరిత్రలో ఉంది. లెక్కలేనన్ని సూర్యులు, వాటి చుట్టూ లోకాలు ఉన్నాయని రాసిన జోర్డానో బ్రూనోను ఏళ్ల తరబడి చెరలో ఉంచి, 1600 ఫిబ్రవరి 17న రోములో సజీవంగా తగలబెట్టారు. ఆయన మీద మోపిన నేరాలు చాలా ఉన్నాయి, క్రీస్తును గురించిన మూల సిద్ధాంతాలను కాదన్నాడన్నవి వాటిలో ముఖ్యమైనవి. లోకాల సంగతి కూడా వాటిలో ఉంది. ఆయన బోధతో మనం ఏకీభవించనక్కరలేదు. కానీ తగలబెట్టడం క్రీస్తు నేర్పిన పని కాదు. 2000లో వాటికన్ కూడా దాని గురించి విచారం తెలిపింది.

మాకు ధైర్యమిచ్చినవాడు ఇంకొక పాస్టరుగారు. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో ట్రాన్ చర్చి కాపరి థామస్ చామర్స్. ఇంత పెద్ద విశ్వంలో నలుసంత భూమి కోసం దేవుడు తన కుమారుణ్ణి పంపాడంటే ఎలా నమ్మాలి అని ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లు ఎగతాళి చేసేవారు. చామర్స్ వాళ్లను కసరలేదు. ఆ ప్రశ్ననే తీసుకుని వారం మధ్యలో ప్రసంగాలు చేశాడు. 1817లో అవి పుస్తకంగా వచ్చి, విపరీతంగా అమ్ముడుపోయాయి. ఆయన చెప్పినదాని సారం ఇది. టెలిస్కోపు దేవుని సృష్టి ఎంత పెద్దదో చూపించింది. దాంతోపాటే మైక్రోస్కోపు ఆయన నీటిబొట్టులోని జీవిని కూడా ఎంత శ్రద్ధగా చేశాడో చూపించింది. పెద్దవాటిని ఏలుతున్నాడు కాబట్టి చిన్నవాటిని మరిచాడనకండి. తొంభై తొమ్మిదిని విడిచి ఒక్క గొర్రెను వెతికిన కాపరి ఆయన.

ఆ తర్వాత 1853లో కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూయెల్ వేరే లోకాల్లో ఎవరూ లేరని వాదిస్తూ పుస్తకం రాశాడు. మరుసటి ఏడాదే డేవిడ్ బ్రూస్టర్ అనే శాస్త్రవేత్త ఉన్నారని వాదిస్తూ ఇంకొకటి రాశాడు. ఇద్దరూ క్రీస్తును నమ్మినవారే. ఈ విషయంలో విశ్వాసులు రెండు వైపులా ఉండవచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది.

యోహాను సువార్తలో ప్రభువు చెప్పిన వేరే దొడ్డి గొర్రెలు అంటే గ్రహాంతరవాసులేనని కొందరు బోధిస్తున్నారు. అలా అనకండి. అక్కడ ఆయన చెప్పింది అన్యజనులను గురించి, అంటే మనల్ని గురించి. లేని మాటను వాక్యంలో చదవడం కూడా, అద్దం జరిగితే నక్షత్రం జరిగిందనుకోవడం లాంటిదే.

మరి యేసయ్య వాళ్ల కోసం కూడా చనిపోయారా? బైబిలు ఆ సంగతి చెప్పలేదు. బైబిలు చెప్పని చోట మేము చెప్పినట్టు నటించకూడదు. అందులో ఉన్నది ఇంతవరకే. ఉన్నదంతా ఆయన చేసిందే. మన కోసం ఆయన చనిపోయాడు. ఎనిమిదో కీర్తనలో దావీదు ఆకాశం వైపు చూసి, ఇంతటి సృష్టిలో మనిషిని నీవు గుర్తుంచుకోవడం ఏమిటని దేవుణ్ణి అడిగాడు. ఆ అబ్బాయి అడిగిన ప్రశ్నకు అది అన్న వరస. దావీదు ప్రశ్నను దేవుడు కీర్తనల్లో దాచిపెట్టాడు. అలాంటి ప్రశ్ననే మేము తోసిపారేశాం.

మా ఒప్పుకోలు

ఇదంతా చదివాక, పోయిన శుక్రవారం వాళ్లమ్మను అడిగి నంబరు తీసుకుని ఆ అబ్బాయికి ఫోన్ చేశాం. గొంతు గుర్తుపట్టి "చెప్పండి అయ్యగారూ" అన్నాడు. నువ్వు చెప్పింది నిజం, మేము చెప్పింది తప్పు, నలుగురిలో నిన్ను కసరడం ఇంకా పెద్ద తప్పు, మమ్మల్ని క్షమించు నాన్నా అన్నాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అదెప్పటి సంగతండీ, పర్లేదండీ" అన్నాడు. తర్వాత, "ఇంతకీ రెండోదానికి జవాబు చెప్పలేదండీ మీరు" అన్నాడు.

పైన రాసిందే చెప్పాం. విన్నాడు. క్రిస్మస్‌కు వస్తావా అంటే "చూస్తానండీ" అన్నాడు. వస్తానని మాట ఇవ్వలేదు. మేము కూడా బలవంతపెట్టలేదు.

వచ్చే ఆదివారం ఇదే మాట ఆరాధనలో, ఏ పుల్పిట్ మీద నుంచి తప్పు చెప్పామో అదే పుల్పిట్ మీద నుంచి చెబుతాం. మీరు చప్పట్లు కొట్టనక్కరలేదు. మా కోసం ప్రార్థన చేయండి. తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు తెలియకపోతే తెలియదని చెప్పండి, వాళ్లతో కలిసి వెతకండి. ఈ రాత్రి కరెంటు పోతే విసుక్కోకుండా వాళ్లను డాబా మీదికి తీసుకెళ్లండి. యోబు గ్రంథంలో పేరు రాసి ఉన్న కృత్తికలు, మన పెద్దలు పిల్లలకోడి అని పిలిచిన ఆ చుక్కల గుంపు, చలికాలం రాత్రుల్లో చక్కగా కనబడుతుంది. చూపించండి. వాళ్లు ఏం అడిగినా కసరకండి.

లోకాలన్నిటినీ చేసిన దేవుడు, నలుసంత మనల్ని మరువని దేవుడు మిమ్మును దీవించునుగాక. ఆమెన్.